అటక మీది రైలుకి పచ్చజెండా

తీరిక వేళ

సంక్రాంతికి అమెరికా నుంచి మేనమామ వస్తాడు. సూట్‌కేసులోంచి చాక్లెట్లు, టీషర్టులు తీశాక అడుగునుంచి ఓ పెద్ద అట్టపెట్టె బయటపడుతుంది. అందులో ఓ ఇంజను, నాలుగు బోగీలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, కరెంటుతో నడిపే ఓ చిన్న డబ్బా. ఆ సాయంత్రం హాల్లో గచ్చు మీద రైలు గిరగిరా తిరుగుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తారు. పక్కింటి పిల్లలు కూడా వస్తారు. రెండో రోజు రైలు ఆగి ఆగి నడుస్తుంది. మూడో రోజు వేలితో తోస్తే గానీ కదలదు. నాలుగో రోజు పొద్దున్నే పనిమనిషి చీపురు పట్టుకుని "ఇవి తీస్తారా అమ్మా, ఊడవాలి" అంటుంది. అంతే... అట్టపెట్టె అటకెక్కుతుంది. మళ్ళీ దాన్ని దింపేది ఇల్లు మారేటప్పుడే!

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంటే ఈ వారం కబుర్లు మీకోసమే. ఆ రైలు పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నూటికి తొంభై సార్లు అది నిజం కాదు. ఈ రైలుకి కరెంటు అందేది పట్టానుంచి చక్రానికి. ఆ రెంటికీ మధ్య ఆవగింజలో పదోవంతు దుమ్ము అడ్డుపడినా ఇంజను ఆగిపోతుంది. గచ్చు మీద దుమ్ము, తలవెంట్రుకలు, దుప్పటి నూగు అన్నీ ఇరుసులకి చుట్టుకుంటాయి. అంటే రైలుకి కావలసిన మొదటి వస్తువు ఇంకో ఇంజను కాదు, నేలకి ఎత్తుగా ఓ శాశ్వతమైన చోటు.

నేను చేసిన తప్పు

ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. చేతులు కాల్చుకుని చెబుతున్నాను. మా డాబా మీద సిమెంటు రేకుల గది ఒకటుంది. పాత సామాన్లు తీసేసి అందులో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల వేశాను. దసరాకి మొదలుపెడితే ఉగాదికి పూర్తయింది. ఓ స్టేషను, ఓ లూప్ లైను, ఓ చిన్న కొండ... ఆదివారాలన్నీ అక్కడే. కింద మా ఆవిడ విసుక్కున్నా చెవిన పెట్టలేదు.

మే నెలలో రెండుచోట్ల పట్టాలు పాము మెలికల్లా వంకరపోయాయి. జూన్‌లో మొదటి వానకే చవక ప్లైవుడ్డు ఉబ్బి, పొరలు పొరలుగా లేచింది. గోడవైపు చట్రాన్ని అప్పటికే చెదలు తినేశాయి. ఆరునెలల పని, దాచుకున్న డబ్బు రెండు నెలల్లో పోయాయి.

దానికంటే బాధ కలిగించింది ఇంకొకటి. మా నాన్న రిటైరైన స్టేషన్ మాస్టరు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు. "బండి నడుస్తోందా?" అని రోజూ అడిగేవారు. సెల్‌ఫోన్లో తీసి చూపిస్తే చూసి ఊరుకునేవారు. అంతా పాడైందని చెప్పిన రోజున మాత్రం "ఎండాకాలం పట్టా సాగుతుందని గ్యాంగ్‌మన్ ఎవర్నడిగినా చెబుతాడు కదరా. నన్నొక్క మాట అడగలేకపోయావా?" అన్నారు. నిజమే. పైన గదిలో తలుపేసుకుని కూర్చున్నవాణ్ణి ఎవర్ని అడుగుతాను!

అందుకే ముందు చెప్పేది చోటు గురించే.

ఎక్కడ పెట్టాలి?

విదేశీ పుస్తకాలు అటక గది గానీ, నేలమాళిగ గానీ, కారు షెడ్డు గానీ వాడుకోమంటాయి. వాళ్ళ వాతావరణం వేరు. మన రేకుల గది మే నెలలో నిప్పుల కొలిమి, ఆగస్టులో నీళ్ళ తొట్టి. మనకి పనికొచ్చేది స్లాబు కింద, ఇంట్లో మనుషులు తిరిగే గది. హాల్లో ఓ గోడ వార, పిల్లలు చదువుకునే గదిలో మంచానికి ఎదురుగా, డైనింగ్ హాల్లో కిటికీ లేని వైపు... ఇలాంటివి చూసుకోండి.

చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి. ఒకటి, నేరుగా ఎండ పడకూడదు. ప్లాస్టిక్ రంగులు వెలిసిపోతాయి. రెండు, వంటింటికి దూరంగా ఉండాలి. పోపు పొగలోని నూనె జిడ్డు పట్టాల మీద పేరుకుంటే దుమ్ము దాన్నే అంటుకుంటుంది. మూడు, బాత్‌రూము గోడకి ఆనించొద్దు, చెమ్మ దిగుతుంది. నాలుగు, గోడకీ బల్లకీ మధ్య అరచెయ్యి దూరేంత సందు వదలండి. చెదలు గోడ వెంబడే వస్తాయి. సందుంటే మట్టిగీత కనబడుతుంది, తుడిచేయొచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్ళవాళ్ళు గాలి వీచే కిటికీకి మరింత దూరంగా పెట్టుకోవాలి. ఉప్పుగాలి తగిలితే ఇనుప స్క్రూలు, చక్రాల ఇరుసులు తొందరగా తుప్పు పడతాయి.

బల్లని ఒకవైపే గోడకి చేర్చగలిగితే మంచిది. మనిషి చెయ్యి సుఖంగా అందేది రెండున్నర అడుగులే. మూలకి చేర్చిన నాలుగడుగుల బల్లమీద అవతలి కొసన బోగీ పడిపోతే ఎత్తడానికి ఒంగినప్పుడు చొక్కాచేతికి తగిలి ఇవతలివి నాలుగు పడతాయి. అందుకే పెద్ద బల్లయితే కాళ్ళకి చక్రాలు పెట్టించి ముందుకి లాక్కునేలా చేసుకోండి. ఎత్తు విషయంలో ఇంట్లో ఎవరు ఎక్కువ చూస్తారో వాళ్ళ కొలతే కొలత. నిలబడి నడిపే పెద్దవాళ్ళకైతే నడుముకి కాస్త పైన, పిల్లలకీ కుర్చీలో కూర్చునే పెద్దలకీ రెండున్నర అడుగులు చాలు. పిల్లి ఉన్న ఇల్లయితే ఎంత ఎత్తయినా ఒకటే... పైన మూత ఉండాల్సిందే!

ఏ కొలత రైలు?

ఈ సరదాకి వందేళ్ళు దాటింది. 1891లో జర్మనీలోని లీప్‌జిగ్ సంతలో మార్క్‌లిన్ కంపెనీ కలుపుకుంటూ పోయే బొమ్మరైలు పట్టాలని ప్రదర్శించింది. 1920లో ఇంగ్లండులో హోర్న్‌బీ రైళ్ళు వచ్చాయి. అప్పట్నుంచి రకరకాల కొలతలు పుట్టినా ఇప్పుడు మన చేతికి ఎక్కువగా వచ్చేవి మూడు. 'హెచ్‌ఓ' అంటే అసలు రైలులో 87వ వంతు. బ్రిటిష్ రైళ్ళ 'డబుల్ ఓ' 76వ వంతు. ఈ రెంటికీ పట్టాల మధ్య దూరం ఒకటే - 16.5 మిల్లీమీటర్లు. మూడోది 'ఎన్'. అసలులో 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. మీ పెట్టెలోది ఏదో తెలియకపోతే స్కేలుతో పట్టాల మధ్య కొలవండి చాలు.

మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే హెచ్‌ఓ పట్టా మీద మన ఇంజను పెడితే పట్టా కాస్త ఇరుగ్గా కనిపిస్తుంది. కొలతల పట్టింపు ఉన్నవాళ్ళు దీని గురించి గంటలు వాదించుకుంటారు. ఇంట్లో నడుపుకునేవాళ్ళకి పట్టింపు అక్కర్లేదు. ఒకప్పటి గుంటూరు - గుంతకల్లు లాంటి మీటర్‌గేజి అంటే మోజున్నవాళ్ళకి మాత్రం అదృష్టమే. 1000ని 87తో భాగిస్తే పదకొండున్నర. యూరప్ మీటర్‌గేజి బొమ్మల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగానే ఉన్నాయి.

ఇక చోటు లెక్క. హెచ్‌ఓలో వలయం చుట్టాలంటే మలుపుకి కనీసం 18 అంగుళాల వ్యాసార్థం పెట్టుకోవడం మంచిది. అంటే 36 అంగుళాల వలయం, అంచుల్లో వదిలేది కలిపి మూడున్నర అడుగుల పైనే. ఎనిమిదీ నాలుగు ప్లైవుడ్ షీటు సరిగ్గా సరిపోతుంది. ఎన్ కొలతకి 11 అంగుళాల వ్యాసార్థం చాలు. రెండున్నర అడుగుల వెడల్పులో వలయం ఇమిడిపోతుంది. కొత్త ఇల్లు కట్టినప్పుడు మిగిలిపోయిన బాత్‌రూము ఫ్లష్‌డోరు ఏదైనా ఉంటే బ్రహ్మాండం. వంగదు, చదునుగా ఉంటుంది. రెండు స్టాండ్ల మీద పడుకోబెడితే బల్ల తయారు!

ఓ హెచ్చరిక. మామూలు రైలు బోగీ పొడవు 21 మీటర్లకి పైనే. హెచ్‌ఓలో అది 24 సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవైనాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్ అచ్చంగా కావాలంటే ఆరు మీటర్ల ప్లాట్‌ఫారం కావాలి, మన హాలు చాలదు! రాజమండ్రి దగ్గర గోదావరి మీది ఆర్చి వంతెన తెలుసుగా. దాని ఒక్కొక్క ఆర్చి 97 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో ఒక్క ఆర్చికే మూడడుగుల ఎనిమిదంగుళాలు. మొత్తం 28 ఆర్చీలూ కడితే 31 మీటర్లు, వీధి చివరికి వెళుతుంది. కాబట్టి కుదించక తప్పదు. ఎక్స్‌ప్రెస్ అయితే ఇంజనుకి నాలుగైదు బోగీలు తగిలించి సరిపెట్టుకోండి. చిన్న బల్లమీద అంతకంటే అందంగా కనిపించేది గూడ్సు. బొగ్గు వ్యాగను పొడవు హెచ్‌ఓలో 12 సెంటీమీటర్లే. ఇరుకు మలుపులోనూ పక్కకి పొడుచుకు రాదు, సులభంగా పట్టాలు తప్పదు.

బల్ల గట్టిదైతే...

ప్లైవుడ్ కొనేటప్పుడు కమర్షియల్ వద్దు. బీడబ్ల్యుఆర్ రకం గానీ, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం గానీ అడగండి. ధర ఎక్కువే. నేను చవకలో కొని రెండుసార్లు కొన్నాను! 12 మిల్లీమీటర్ల మందం చాలు. కింద రెండంగుళాల చెక్క పట్టీలతో చట్రం చేయించి, అడుగుంపావుకి ఒక అడ్డపట్టీ వేయించండి. అడ్డపట్టీలు లేని బల్ల ఏడాది తిరిగేసరికి మధ్యలో జారుతుంది. కింది వైపూ, అంచులకీ కూడా రంగు వేయాలి. చాలామంది పైవైపే వేసి ఊరుకుంటారు. ఒకవైపే చెమ్మ పీల్చిన చెక్క వంగుతుంది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ఎనిమిదడుగుల షీటుని మధ్యకి కోయించి నాలుగడుగుల ముక్కలు రెండు చేసుకోవాలి. బోల్టులతో బిగించుకుంటే ఇల్లు మారేటప్పుడు విడదీసి ఆటోట్రాలీలో వేసుకుపోవచ్చు. అతుకు దగ్గర పట్టా అడ్డంగా, నిటారుగా దాటేట్టు చూసుకోండి. మలుపుల మీదా, పాయింట్ల మీదా అతుకు రాకూడదు.

బరువు తగ్గించాలని కొందరు థర్మోకోల్ పరుస్తారు. మంచిదే, రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. రబ్బరు సొల్యూషన్ లాంటి ఘాటైన జిగుర్లు దాన్ని కరిగించేస్తాయి, ఫెవికాలే వాడాలి. మామూలు పీవీసీ తీగల్ని దానికి ఆనించి ఉంచొద్దు. కొన్నేళ్ళకి తీగ తొడుగులోని మెత్తదనం థర్మోకోల్లోకి దిగి, తొడుగు పెళుసైపోతుంది, థర్మోకోల్ కరుగుతుంది. తీగల్ని బల్లకింద చెక్కకి క్లిప్పులు కొట్టి నడపండి.

పట్టా పాఠాలు

రైలు పట్టాల లోహం వేడికి సాగుతుంది. అయిదు మీటర్ల పట్టాకి 20 డిగ్రీల తేడా వస్తే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. కొసలు తన్నిపెట్టి బిగిస్తే పక్కకి వంగక ఏం చేస్తుంది? అదే నా గదిలో జరిగింది. తర్వాత మా నాన్న చెప్పిన చిట్కా ఇది: "చలికాలంలో వేస్తే మూడడుగులకో సందు వదులు. ఆ సందులో పోస్టుకార్డు దూరితే చాలు. ఎండాకాలంలో వేస్తే ఆనించెయ్, నష్టం లేదు." లెక్క వేసి చూశాను. మూడడుగుల పట్టాకి 20 డిగ్రీలకి వచ్చే సాగుదల సరిగ్గా పోస్టుకార్డు మందమే!

మలుపు నుంచి వెంటనే ఎదురు మలుపులోకి తిప్పొద్దు. మధ్యలో ఒక బోగీ పొడవైనా తిన్నని పట్టా ఉండాలి. లేకపోతే రెండు బోగీల కొసలు చెరోవైపు లాగి ఒకటి పడిపోతుంది. పాయింట్లని సొరంగంలో దాచొద్దు. పట్టా తప్పే చోటు ఎప్పుడూ పాయింటే. సొరంగం కడితే వెనకనుంచి చెయ్యి దూరే కిటికీ వదలండి. 'అరకు దారిలోలా' అని ముచ్చటపడి నేను కట్టిన సొరంగంలో ఓ వ్యాగను వారం రోజులు ఉండిపోయింది.

ఒక రైలు మీదుగా ఇంకో రైలు దాటే వంతెన అందరికీ ఇష్టమే. ముందు లెక్క చూడండి. హెచ్‌ఓలో కింద రైలు దూరాలంటే పై పట్టా కనీసం మూడంగుళాలు లేవాలి. బొమ్మ ఇంజను హాయిగా ఎక్కగలిగేది యాభైకి ఒకటి. అంటే మూడంగుళాలకి 150 అంగుళాలు, పన్నెండున్నర అడుగుల ఎక్కుడు. దిగడానికి ఇంకో పన్నెండున్నర. ఎనిమిదీ నాలుగు బల్లమీద వలయం మొత్తం చుట్టుకొలతే పద్ధెనిమిది అడుగులు! కాబట్టి చిన్న బల్లమీద వంతెన ఆశ వదులుకుని చదునుగానే వేసుకోండి. అసలు రైల్వేలోనే ముంబై - పుణె మధ్య భోర్ ఘాట్‌లో 37కి ఒకటి చొప్పున ఎక్కడానికి వెనకనుంచి ఇంకొన్ని ఇంజన్లు తోయాల్సి వస్తోంది.

కరెంటు సంగతి

అమెరికా నుంచి వచ్చిన పెట్టె అయితే ముందు ఆ కరెంటు డబ్బా వెనక రాసింది చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 'ఇన్‌పుట్' దగ్గర 110 అనో 120 అనో మాత్రమే ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టొద్దు. పిన్ను మార్చే అడాప్టరు పిన్నునే మారుస్తుంది, వోల్టుల్ని కాదు. పెట్టిన నిమిషంలో పొగ వస్తుంది. 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవాలి, లేదా మన కరెంటుకి పనికొచ్చే కంట్రోలరే తీసుకోవాలి. '100-240' అని ఉంటే భయం లేదు.

పాత పద్ధతి రైలుకి పట్టాలోకి వెళ్ళేది 12 వోల్టుల లోపు డీసీ. వోల్టు పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్సు మైనస్సు తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. ఒకటే రైలు నడిపేవాళ్ళకి ఇది చాలు. రెండు మూడు ఇంజన్లు ఒకే పట్టామీద విడివిడిగా నడపాలంటే 'డీసీసీ' పద్ధతి కావాలి. ప్రతి ఇంజనులో ఓ చిప్ ఉంటుంది, దానికో నంబరు. కొత్త ఇంజన్లు చాలావరకు 3వ నంబరుతో వస్తాయి. రెండో ఇంజను కొన్న రోజే నంబరు మార్చుకోకపోతే ఒకదాన్ని పిలిస్తే రెండూ కదులుతాయి!

రైలు కంట్రోలరుకి దూరంగా వెళ్ళేకొద్దీ నీరసపడుతోందంటే తప్పు ఫిష్‌ప్లేట్లది. అవి వదులైపోయి కరెంటు సరిగా పారదు. బల్లకింద రెండు రంగుల ఇంటివైరింగు తీగని ఆ చివరనుంచి ఈ చివరకి నడిపి, మూడడుగులకోసారి సన్నతీగతో పట్టాకి టంకం వేయండి. డీసీసీ వాళ్ళు చివర్లో రూపాయిబిళ్ల పరీక్ష చేయాలి. పట్టాలు రెంటికీ అడ్డంగా బిళ్ల పెడితే కంట్రోలరు వెంటనే ట్రిప్ అవ్వాలి. బల్లమీద ఎక్కడ పెట్టినా అవ్వాలి. ఎక్కడైనా అవ్వలేదంటే అక్కడ తీగ చాలలేదని అర్థం. అలా వదిలేస్తే ఏదో ఒక రోజు అక్కడే బోగీ చక్రం కరుగుతుంది.

కరెంటు పోతే మన ఇళ్ళలో ముందు చేసేది కొవ్వొత్తి వెతకడం. మీరు ముందు రైలు నాబ్‌ని సున్నాకి తిప్పండి. లేకపోతే కరెంటు వచ్చిన క్షణంలో ఇంజను దూకినట్టు బయల్దేరి మలుపులో కింద పడుతుంది. టైల్సు మీద పడ్డ ఇంజను మళ్ళీ మునుపటిలా నడవడం అరుదు. అంచుల చుట్టూ మూడంగుళాల అక్రిలిక్ పట్టీ బిగిస్తే ఆ భయం ఉండదు. పిల్లలున్న ఇళ్ళలో ఇంకో నియమం: బల్లకింద 12 వోల్టుల తీగలే ఉండాలి, 230 వోల్టుల ప్లగ్గు గోడ దగ్గరే ఆగిపోవాలి.

ఊరూ, కొండా

అలంకారాలకి విదేశీ సామాను అక్కర్లేదు. ఎండిన బీరకాయ పీచు ముక్కలకి ఆకుపచ్చ రంగు పులిమితే చెట్లు. రంపపు పొట్టుకి రంగు కలిపితే పచ్చిక. పాత పేపర్లు ఫెవికాల్ నీళ్ళలో ముంచి అతికితే కొండ. మైదా జిగురు మాత్రం వద్దు, బొద్దింకలకి విందు చేసినట్టే. కంకరకి ఇసుక జల్లించి వాడేముందు ఓ అయస్కాంతాన్ని అందులో బాగా తిప్పండి. మన ఏటి ఇసుకలో నల్లటి ఇనుపరజను ఉంటుంది. అది ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుంటే మోటారు పట్టేస్తుంది. కంకర పరిచాక సగం ఫెవికాల్, సగం నీళ్ళు, రెండు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి సిరంజితో వదలండి. మర్నాటికి గట్టిపడుతుంది.

శుభ్రమే ప్రాణం

పట్టాలు నల్లబడ్డాయని గరుకు కాగితంతో రుద్దేవాళ్ళున్నారు. ఆ గీతల్లోనే రేపటి మురికి చేరుతుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని పాత నూలుగుడ్డకి తడిపి తుడవండి. గదిలో దీపం, అగరొత్తి లేకుండా చూసుకోండి, అది మండే సరుకు. కంట్రోలరు ఆపేసి తుడిచి, ఆరాకే రైలు నడపాలి. బోగీల చక్రాల నల్లటి జిడ్డు కూడా తుడవాలి, పట్టాల్ని మళ్ళీ మురికి చేసేవి అవే.

నూనె విషయంలో మనవాళ్ళది పెద్ద చెయ్యి. కొబ్బరినూనె అసలు వద్దు, చలికాలం పేరుకుంటుంది. ప్లాస్టిక్‌కి హాని చేయని సన్నటి నూనె కొని, గుండుసూది మొనతో ఒక్క బిందువు పెట్టండి. ఎక్కువైతే చక్రాల మీదకి పాకి మళ్ళీ మొదటికొస్తుంది. వాడని ఇంజన్ని పెట్టెలో సిలికాజెల్ పొట్లంతో దాచండి. నాఫ్తలిన్ గోళీలు వేయొద్దు, ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. నెలకోసారైనా బయటికి తీసి పది నిమిషాలు నడపాలి. కదలని ఇంజనులో గ్రీజు గట్టిపడుతుంది. నడపని రోజుల్లో బల్లమీద పాత నూలు దుప్పటి కప్పితే నూగు రాలుతుంది. పల్చటి ప్లాస్టిక్ షీటు నయం.

నడపడం ఓ కళ

కొత్త ఇంజన్ని ముందు బోగీలు లేకుండా అటు అరగంట, ఇటు అరగంట మధ్యస్థ వేగంతో తిప్పండి. పళ్ళచక్రాలు కుదురుకుంటాయి. తర్వాత వేగం దగ్గర నిగ్రహం కావాలి. హెచ్‌ఓలో సెకనుకి ఒక అడుగు కదిలితే అసలు రైలు గంటకి 95 కిలోమీటర్లు వెళ్ళినట్టు. మన పద్ధెనిమిది అడుగుల వలయాన్ని ఎక్స్‌ప్రెస్ పద్ధెనిమిది సెకన్లలో చుట్టాలి. పాసింజరైతే నలభై సెకన్లు. పిల్లలు ఆరు సెకన్లలో చుట్టేస్తారు... అది దాదాపు 290 కిలోమీటర్ల వేగం, బుల్లెట్ రైలు! నెమ్మదిగా బయల్దేరి నెమ్మదిగా ఆగే రైలే నిజం రైల్లా ఉంటుంది.

గుండ్రంగా తిప్పడం వారంలో విసుగొస్తుంది. విసుగు రాకుండా ఉండాలంటే రైలుకి పని చెప్పాలి. గూడ్సు లూపులో ఆగాలి, ఎక్స్‌ప్రెస్ దాటాలి, రెండు వ్యాగన్లు సైడింగులో వదలాలి. చిన్న టైంటేబుల్ రాసుకుంటే ఇంట్లో ముగ్గురికి పని దొరుకుతుంది.

ఈ సరదా పిల్లలదని నవ్వేవాళ్ళకి రెండు కబుర్లు. గాయకుడు రాడ్ స్టివార్ట్ ఊరూరా కచేరీలకి వెళ్ళినప్పుడు బొమ్మ భవనాలు చేసుకోవడానికి హోటల్లో ఇంకో గది తీసుకునేవాడు. లాస్ ఏంజెలెస్ ఇంట్లో కట్టిన తన బొమ్మ నగరాన్ని 2019లో ప్రపంచానికి చూపించాడు. ఇంకో గాయకుడు నీల్ యంగ్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కొడుకు కూడా రైలు నడపగలగాలని ప్రత్యేకంగా పెద్ద బటన్ల కంట్రోలరు తయారుచేయించాడు. చూసి నేర్చుకోవాలనుకుంటే జర్మనీ దాకా పోయి హాంబర్గ్‌లో 2001లో మొదలైన 'మినియేచర్ వండర్‌లాండ్' చూడక్కర్లేదు. పుణెలో కోత్రుడ్ ప్రాంతంలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. వేసవి సెలవుల్లో అటు వెళితే పిల్లల్ని తీసుకెళ్ళండి.

నీల్ యంగ్ సంగతి చదివాకే నాకు జ్ఞానోదయమైంది. ఈసారి బల్ల హాల్లో, నాన్న కుర్చీ పక్కన వేశాను. అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, చక్రాల కాళ్ళు. ఎత్తు ఆయన మోచేతి కొలత. పాయింట్లకి పెద్ద స్విచ్చులు, ఆయన వణికే వేళ్ళకి అందేలా. పట్టాల సందులన్నీ ఆయనే పోస్టుకార్డు ముక్కతో సరిచూశారు. హాలు ఇరుకైపోతుందని మొదట గొణిగిన మా ఆవిడ ఇప్పుడు "ఏవండీ, మామయ్యగారు టిఫినుకి రావట్లేదు, బండి ఆలస్యమైందిట" అని నవ్వుతోంది.

సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి రాగానే కంట్రోలరు దగ్గర కూర్చుంటుంది. తాతయ్య స్టీలుగ్లాసు మీద చెంచాతో రెండుసార్లు కొడతారు. పక్క స్టేషను నుంచి బండి అడుగుతున్నారని అర్థం. ఆయన టైంటేబుల్ చూసి, గోడ గడియారం చూసి, తలూపితే గానీ ఆ పిల్ల నాబ్ తిప్పదు. మొన్న ఓ రోజు నేను తొందరపడి బండి కదిలించాను. "లైన్ క్లియర్ ఎవరిచ్చార్రా నీకు?" అని కసిరారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ఆ గొంతు విన్నాను.

ఈ ఆదివారం మీ అటక మీద ఓసారి చూడండి. అట్టపెట్టె మీద దుమ్ము దులిపి, డబ్బా వెనక వోల్టులు చదివి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి.